గ్రామ జనాభా లెక్కలు: పాల సంఘాల సభ్యులు తెలుసుకోదగిన విషయాలు

మహాజన సభ దగ్గర పడగానే ప్రతి పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంలోను వార్షిక నివేదిక తయారీ మొదలవుతుంది. గ్రామ జనాభా ఎంత, కుటుంబాలు ఎన్ని, అందులో సంఘంలో చేరినవి ఎన్ని అనే ప్రశ్నలు అందులో తప్పకుండా వస్తాయి. అనేక సంఘాలలో వీటికి సమాధానం పంచాయతీ గోడ మీద వ్రాసిన అంకెను చూసి నింపడమో, క్రిందటి ఏటి నివేదిక నుండి ఎత్తి వ్రాయడమో జరుగుతున్నది. ఆ అంకె ఏ సంవత్సరానిది, ఏ హద్దుల లోపలిది, ఎవరిని కలుపుకొన్నది అని అడిగే సభ్యులు తక్కువ. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్లు అంకె దొరికితే చాలు, గడి నిండితే చాలు అన్న ధోరణి కనబడుతున్నది.

అంకె తప్పయితే నష్టం నివేదికకు మాత్రమే పరిమితం కాదు. పాల సేకరణ కేంద్రం ఎక్కడ పెట్టాలి, శీతలీకరణ యంత్రం ఎంత సామర్థ్యం గలది కోరాలి, ఏ పేటలో కొత్త సభ్యులను చేర్చాలి అన్న నిర్ణయాలన్నీ ఆ అంకె మీదనే ఆధారపడతాయి. కాబట్టి ప్రభుత్వ జనాభా లెక్కలలో ఒక చిన్న గ్రామానికి సంబంధించిన వివరాలు ఎలా తయారవుతాయో, వాటిని ఎలా చదవాలో, సంఘం పనికి ఎలా వాడుకోవాలో ఈ వ్యాసంలో వివరించడమైనది.

లెక్క ఏ సంవత్సరానిది?

మన దేశంలో జనాభా లెక్కలు మొదట 1872 ప్రాంతంలో తీశారు. దేశమంతటా ఒకే సమయంలో లెక్క తీయడం 1881లో ఆరంభమైనది. అప్పటి నుండి పదేండ్లకు ఒకసారి, చివరి అంకె ఒకటిగా ఉండే సంవత్సరంలో, లెక్క జరుగుతూ వచ్చినది. 2011లో జరిగినది 15వది. 2021లో జరుగవలసినది కోవిడ్ వ్యాధి కారణంగా ఆగిపోయినది. తదుపరి లెక్కలకు 2027 మార్చి 1వ తేదీని ప్రమాణ దినంగా నిర్ణయించి, 2025 జూన్ 16న కేంద్ర ప్రభుత్వం ప్రకటన వెలువరించినది. అందువలన రెండు లెక్కల మధ్య ఎడం ఈసారి పదహారు సంవత్సరాలు అవుతున్నది.

దీని అర్థమేమంటే, 2011 అంకెను వాడే సంఘం ఆనాడు బడికి పోని పిల్లవాడు ఈనాడు పాల క్యాను మోసే యువకుడై ఉన్న సంగతిని మరచిపోతున్నది. ఆ అంకె ప్రక్కన "2011 లెక్కల ప్రకారం" అని తప్పక వ్రాయాలి. సంవత్సరం వ్రాయని జనాభా అంకె తేదీ లేని పాల రసీదు వంటిది.

పాత అంకెకు ఏదో ఒక శాతం కలిపి నేటి అంకెగా చూపే అలవాటు కూడా మంచిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 1981లో 5 కోట్ల 35 లక్షలు, 1991లో 6 కోట్ల 65 లక్షలు, 2001లో 7 కోట్ల 62 లక్షలు, 2011లో 8 కోట్ల 46 లక్షలు. అంటే మొదటి పదేండ్లలో పెరుగుదల 24.2 శాతం, తరువాతి పదేండ్లలో 14.6 శాతం, ఆ తరువాత 11 శాతం. పెరుగుదల వేగం సగానికి పైగా పడిపోయినది. ఇందులోను పల్లెలను విడదీసి చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 2001లో ఉమ్మడి రాష్ట్ర గ్రామీణ జనాభా 5 కోట్ల 54 లక్షలు. 2011లో 5 కోట్ల 64 లక్షలు. పదేండ్లలో పల్లెలు పెరిగినది రెండు శాతం కూడా లేదు. అదే కాలంలో పట్టణ జనాభా 35 శాతానికి పైగా పెరిగినది. రాష్ట్రం మొత్తానికి వచ్చిన శాతాన్ని తెచ్చి ఒక పల్లెకు అంటగడితే లేని మనుషులను పుట్టించినట్లే అవుతుంది.

ఏ "ఊరి" లెక్క?

జనాభా లెక్కలలో "గ్రామం" అంటే రెవెన్యూ గ్రామం. మనం నోటితో ఊరు అనేది వేరు, పంచాయతీ వేరు, రెవెన్యూ గ్రామం వేరు. ఒక రెవెన్యూ గ్రామంలో ప్రధాన గ్రామంతో పాటు శివారు పల్లెలు, తండాలు, గూడేలు, కాలనీలు కలిసి ఉండవచ్చు. వాటి అంకెలన్నీ కలిపి ఒకే పేరు మీద, ఒకే గుర్తింపు సంఖ్య మీద ప్రచురిస్తారు. కొన్ని చోట్ల రెండు మూడు రెవెన్యూ గ్రామాలు కలిసి ఒక పంచాయతీగా ఉంటాయి. మరి కొన్ని చోట్ల ఒకే రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు ఉంటాయి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చిన తరువాత అనేక తండాలు, గూడేలు ప్రత్యేక పంచాయతీలైనవి. వాటి పేరు 2011 పట్టికలో వెదికితే చాలా వరకు కనబడదు. అవి తల్లి గ్రామం అంకెలోనే ఇమిడి ఉన్నవి.

దీనికి వ్యతిరేకంగా, పట్టికలో పేరుండి మనుషులు లేని గ్రామాలు కూడా కలవు. వీటినే తెలంగాణ రెవెన్యూ భాషలో బేచిరాగ్ గ్రామాలంటారు. చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ అంటే దీపం పెట్టే దిక్కు లేనిది. 2011 లెక్కలలో దేశం మొత్తం మీద సుమారు 6 లక్షల 41 వేల గ్రామాలు నమోదు కాగా, మనుషులు నివసించేవి సుమారు 5 లక్షల 97 వేలు మాత్రమే. భూమి ఉన్నది, సర్వే నంబర్లు ఉన్నవి, కానీ ఇల్లు లేదు. అట్టి గ్రామం పేరు మండల జాబితాలో చూసి అక్కడ సంఘం పెట్టవచ్చునని అనుకోరాదు.

పట్టణాల దగ్గరి సంఘాలు మరొక సంగతి గమనించాలి. జనాభా 5,000కు తగ్గకుండా, పురుషులైన ప్రధాన పనివారిలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనులలో ఉండి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది నివసించే గ్రామాన్ని, పంచాయతీయే కొనసాగుతున్నా, జనాభా లెక్కల వారు పట్టణంగా పరిగణిస్తారు. అట్టి గ్రామం పేరు గ్రామాల జాబితా నుండి పట్టణాల జాబితాలోకి పోతుంది.

హద్దులు మారితే అంకె ఎలా మారుతుందో చూపడానికి మన రాష్ట్రాల విభజనే మంచి ఉదాహరణ. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ పది జిల్లాల జనాభా 3,51,93,978. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరిన పిమ్మట అదే 2011 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభా 3,50,03,674 అయినది. ఆంధ్రప్రదేశ్ జనాభా 4,93,86,799 నుండి 4,95,77,103కు పెరిగినది. తేడా రెండు వైపులా 1,90,304. ఒక్క మనిషి కొత్తగా పుట్టలేదు, ఒక్కరూ చనిపోలేదు. గీత జరిగినది, అంతే. రెండు రాష్ట్రాలను కలిపితే ఎప్పుడూ 8,45,80,777 వస్తుంది.

పాత అంకెలతో పోల్చేవారు ఇది మరువరాదు. 1981 లెక్కలు తాలూకాల వారీగా ఉన్నవి. 1985లో మండలాలు వచ్చినవి కనుక 1991 నుండి మండలాల వారీగా ఉన్నవి. తెలంగాణ జిల్లాలు 2016లోను, ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022లోను పునర్వ్యవస్థీకరింపబడినవి. 2011 పుస్తకంలో మీ గ్రామం పాత జిల్లా పేరు క్రిందనే ఉంటుంది. ఒకే పేరు గల గ్రామాలు జిల్లాకు నాలుగైదు ఉండడం సాధారణం కాబట్టి, పేరుతో బాటు మండలం పేరును, 2011 లెక్కలలో గ్రామానికి ఇచ్చిన ఆరు అంకెల గుర్తింపు సంఖ్యను కూడా సంఘం రికార్డులో వ్రాసి ఉంచడం శ్రేయస్కరం.

ఎవరిని లెక్కించారు?

2011లో ఫిబ్రవరి 9 నుండి 28 వరకు ఇంటింటికీ తిరిగి లెక్క వ్రాశారు. ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివారిని లెక్కించారు. మార్చి 1 నుండి 5 వరకు మరల తిరిగి, మధ్యలో జరిగిన జనన మరణాలను సరిచూశారు. మార్చి 1వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి ఉన్న జనాభాయే ఆ సంవత్సరపు జనాభా.

ఒక మనిషి మామూలుగా నివసించే ఊరిలో ఆ ఇరవై రోజులలో ఏ కొద్ది కాలం ఉన్నా అక్కడే లెక్కలోకి వస్తాడు. ఆ రోజులన్నీ ఊరిలో లేకపోతే, ఎక్కడ ఉంటే అక్కడ లెక్కలోకి వస్తాడు. ఈ నియమం పాలమూరు, అనంతపురం, శ్రీకాకుళం వంటి వలస ప్రాంతాల వారికి చాలా ముఖ్యమైనది. ఫిబ్రవరి నెలలో ఇటుక బట్టీలకు, చెరకు కోతలకు, భవనాల పనులకు పోయినవారు ఇంటికి తాళం వేసి ఉంటారు. వారు పని చేసే చోట లెక్కలోకి రావలసినవారే గాని, బట్టీ దగ్గర వేసుకున్న గుడిసె ఎవరి కంటా పడకపోతే రెండు చోట్లా జారిపోయే ప్రమాదం ఉన్నది. తొలకరికి వారు తిరిగి వచ్చేసరికి ఊరు నిండుగా ఉంటుంది, పుస్తకంలో మాత్రం వెలితిగా ఉంటుంది. హాస్టలులో ఉండి చదివే పిల్లలు ఊరిలో గాక హాస్టలు ఉన్న చోటనే లెక్కలోకి వస్తారు.

"కుటుంబం" అనే మాటకు కూడా జనాభా లెక్కలలో ప్రత్యేకమైన అర్థం ఉన్నది. ఒకే పొయ్యి మీద వండుకొని తింటూ, మామూలుగా కలిసి ఉండేవారు ఒక కుటుంబం. ఒకే ఇంటి కప్పు క్రింద అన్నదమ్ములు వేరు వంట పెట్టుకొంటే రెండు కుటుంబాలు. రేషను కార్డుల సంఖ్య గాని, ఇంటి నంబర్ల సంఖ్య గాని దీనికి సరిపోదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 2 కోట్ల 10 లక్షల కుటుంబాలుండగా, సగటున కుటుంబానికి నలుగురు మనుషులు ఉన్నారు. ఉమ్మడి కుటుంబాలు విడిపోయే కొలదీ ఊరి జనాభా పెరగకపోయినా పొయ్యిలు పెరుగుతాయి. పాల సంఘానికి సభ్యత్వం లెక్కకు కావలసినది పొయ్యిల సంఖ్యయే గాని తలల సంఖ్య కాదు.

పట్టికలోని గళ్ళ అర్థం

జిల్లా జనగణన పుస్తకంలో రెండు భాగాలుంటాయి. మొదటి దానిలో గ్రామంలోని బడి, ఆసుపత్రి, రోడ్డు, నీరు వంటి సదుపాయాలు ఉంటాయి. రెండవ దానిలో గ్రామాల వారీగా ప్రాథమిక జనాభా సారాంశం ఉంటుంది. మనకు కావలసినది ఈ రెండవది. అందులో వరుసగా కుటుంబాలు, మొత్తం జనాభా, పురుషులు, స్త్రీలు, ఆరేండ్ల లోపు పిల్లలు, షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, అక్షరాస్యులు, పనివారు అనే గళ్ళు ఉంటాయి.

అక్షరాస్యత శాతం కట్టేటప్పుడు చాలామంది పొరపాటు పడతారు. ఏడు సంవత్సరాలు నిండినవారినే లెక్కలోకి తీసుకోవాలి. లెక్క కోసం ఒక ఊరిని ఊహించుకొందాం. జనాభా 1,680. అందులో ఆరేండ్ల వయసు వరకు పిల్లలు 180. అక్షరాస్యులు 900. అప్పుడు 900ను 1,680తో కాక 1,500తో భాగించాలి. అక్షరాస్యత 60 శాతం అవుతుంది. మొత్తం జనాభాతో భాగిస్తే 53.6 శాతం వచ్చి, ఊరికి లేని వెనుకబాటు అంటగట్టినట్లవుతుంది.

పనివారి గళ్ళు ఇంకా జాగ్రత్తగా చదవాలి. సంవత్సరంలో ఆరు నెలలు లేదా అంతకు మించి పని చేసినవారు ప్రధాన పనివారు. ఆరు నెలల కంటే తక్కువ చేసినవారు స్వల్పకాలిక పనివారు. ఈ రెండు రకాల వారినీ సాగుదారులు, వ్యవసాయ కూలీలు, కుటుంబ పరిశ్రమలో పని చేసేవారు, ఇతర పనివారు అని నాలుగు తరగతులుగా విభజించారు. 1991 లెక్కల వరకు పశుపోషణ, అడవులు, చేపల వేట, తోటల పెంపకం కలిపి ఒక ప్రత్యేక తరగతి ఉండేది. 2001 నుండి అది "ఇతర పనివారు" అనే గడిలో కలిసిపోయినది. అదే గడిలో బడి పంతులు, బస్సు డ్రైవరు, కిరాణా కొట్టు యజమాని కూడా ఉన్నారు. పైగా కొంచెం భూమి ఉండి రెండు గేదెలు మేపే రైతు తన ఎక్కువ కాలం సేద్యానికే వెచ్చిస్తే సాగుదారుగానే నమోదవుతాడు. కాబట్టి మీ ఊరిలో పాడి మీద బ్రతికేవారు ఎందరో ఈ పట్టికను బట్టి చెప్పడం సాధ్యం కాదు.

పాడి పని చేసే స్త్రీ ఏ గడిలో ఉన్నది?

ఈ విషయం మన సంఘాలకు అన్నిటికంటె ముఖ్యమైనది. 2011 లెక్కల ప్రకారం దేశంలో ప్రతి నూరు మంది పురుషులలో 53 మంది పనివారు కాగా, నూరు మంది స్త్రీలలో పాతిక మందే పనివారు. ఈ అంకెను చదివి, మన పల్లెలో తెల్లవారు జామున ఏ ఇంట చూసినా కనబడే దృశ్యాన్ని తలచుకోండి. పేడ తీయడం, కుడితి పెట్టడం, గడ్డి కోసి తేవడం, దూడను విడవడం, పాలు పిండడం, కేంద్రానికి తెచ్చి పోయడం ఇందులో అధిక భాగం ఆడవారే చేస్తున్నారు. ఎన్యూమరేటరు గుమ్మంలో నిలబడి "ఈమె ఏం పని చేస్తుంది?" అని అడిగితే మగవారు ఇచ్చే జవాబు "ఏమీ లేదండి, ఇంటి దగ్గరే ఉంటుంది" అని. ఆ ఒక్క మాటతో ఆమె పని చేయనివారి గడిలో చేరిపోతుంది.

నియమం ఇలా లేదు. కూలి డబ్బు ముట్టకపోయినా, కుటుంబం పొలంలోను, కుటుంబ వృత్తిలోను చేసే పని కూడా పనియే. ఇంతే కాదు, 2001, 2011 లెక్కలలో సొంత ఇంటి వాడకం కోసం మాత్రమే పాలు ఉత్పత్తి చేసేవారిని కూడా పనివారుగానే పరిగణించారు. ఇక సంఘానికి పాలు పోసే ఇంటి సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. గేదె పాలిచ్చే నెలలలోనే గాక వట్టిపోయిన నెలలలో కూడా మేత, నీరు, శుభ్రత తప్పవు. ఏడాది పొడుగునా పశువును చూసుకొనే స్త్రీ ప్రధాన పనివారిలో చేరదగినది. ఆమెను "ఇంటి పని" అని వ్రాయిస్తే తప్పు నియమంలో లేదు, మన జవాబులో ఉన్నది.

దీని వలన నష్టమేమిటని ఎవరైనా అడుగవచ్చు. పాడి పనిలో స్త్రీలు ఉన్నట్లు అంకెలలో కనబడకపోతే, వారికి శిక్షణ, రుణం, సంఘ సభ్యత్వం, పాలకవర్గంలో స్థానం అవసరమని వాదించడానికి ఆధారం ఉండదు. పాస్‌బుక్కు ఒకరి పేర, శ్రమ మరొకరిది అయి ఉన్న సంఘాలు ఈనాటికీ ఉన్నవి. పుస్తకంలో లేని శ్రమకు పంపకంలో వాటా అడగడం కష్టం.

పశువుల లెక్క వేరు

జనాభా లెక్కలలో పశువులను లెక్కించరు. దానికి పశుగణన అని వేరే ఏర్పాటు ఉన్నది. 1919-20 నుండి ఇది జరుగుతున్నది. 2019లో జరిగినది 20వది. దాని ప్రకారం దేశంలో మొత్తం పశుసంపద సుమారు 53 కోట్ల 58 లక్షలు. అందులో ఆవుజాతి 19 కోట్ల 25 లక్షలు, గేదె జాతి 10 కోట్ల 99 లక్షలు. 21వ పశుగణన 2024 అక్టోబరులో ఆరంభమైనది.

సంఘం ఈ రెండు లెక్కలనూ కలిపి చూడవలసి ఉంటుంది గాని, రెంటి సంవత్సరాలు వేరని మరువరాదు. 2019 గేదెలను 2011 కుటుంబాలతో భాగించి "ఇంటికి ఇన్ని గేదెలు" అని చెప్పడం నిన్నటి పాలలో నేటి తోడు వేయడం వంటిది. తోడుకున్నా రుచి తేడాగా ఉంటుంది.

సంఘం లెక్క ఎలా కట్టాలి?

పైన ఊహించుకొన్న ఊరినే తీసుకొందాం. 1,680 జనాభా, 420 కుటుంబాలు. ఇందులో ప్రధాన గ్రామంలో 275 కుటుంబాలు, రెండు తండాలలో 145 కుటుంబాలు. సంఘంలో సభ్యులు 150 మంది. కార్యదర్శి 150ని 420తో భాగించి "మా సంఘంలో 36 శాతం కుటుంబాలు చేరినవి" అని వ్రాస్తాడు. ఈ అంకెలో రెండు లోపాలున్నవి.

మొదటిది, సభ్యుడు వేరు, కుటుంబం వేరు. తండ్రి, కొడుకు ఇద్దరూ సభ్యులైన ఇండ్లు ఉంటాయి. రిజిస్టరు తీసి చూస్తే 150 మంది సభ్యులు 130 కుటుంబాల వారని తేలినదనుకొందాం. రెండవది, పాడి లేని ఇంటిని లెక్కలో కలపడం న్యాయం కాదు. పశువులు లేని ఇల్లు సంఘానికి పాలు ఎలా పోస్తుంది? ఊరు తిరిగి చూడగా పాడి పశువులున్న కుటుంబాలు 240 ఉన్నవనుకొందాం. అప్పుడు 130ని 240తో భాగిస్తే 54 శాతం వస్తుంది. ఇది నిజానికి దగ్గరగా ఉన్న అంకె.

ఇక్కడితో ఆగరాదు. ఆ 240 కుటుంబాలలో ప్రధాన గ్రామంలో 130, తండాలలో 110 ఉన్నవనుకొందాం. సభ్య కుటుంబాలు 130లో గ్రామంలోనివి 104, తండాలలోనివి 26. అంటే ప్రధాన గ్రామంలో 80 శాతం పాడి కుటుంబాలు సంఘంలో ఉన్నవి. తండాలలో 24 శాతం కూడా లేవు. ఊరంతటికీ కలిపి 54 శాతం అన్నప్పుడు ఈ సంగతి దాగిపోయినది. సంఘం పెరగవలసినది తండాలలో. ఆరు కిలోమీటర్లు నడిచి పాలు తెచ్చి పోయలేని 84 కుటుంబాలు ప్రైవేటు పాల వ్యాపారికి చెప్పిన ధరకు పోస్తున్నవి. అక్కడ ఉప సేకరణ కేంద్రం పెట్టడమా, ప్రధాన గ్రామంలోనే ఇంకొక ప్రచార సభ జరపడమా అన్న ప్రశ్నకు జవాబు ఈ చిన్న భాగహారంలోనే ఉన్నది.

ఈ లెక్కకు కావలసిన అంకెలు జనగణన పుస్తకంలో దొరకవు. అందులో గ్రామం మొత్తానికి ఒక్క వరుసే ఉంటుంది. పేటల వారీ కుటుంబాల పట్టికను సంఘమే తయారు చేసుకోవాలి. ఇద్దరు సభ్యులు, ఒక నోటుపుస్తకం, నాలుగు ఆదివారాలు ఉంటే ఒక చిన్న ఊరికి అది సాధ్యమే. కుటుంబ పెద్ద పేరు, పేట, ఇంటిలో మనుషులు, పాలిచ్చే పశువులు, చూడి పశువులు, వట్టిపోయినవి, పశువులను చూసుకొనేవారు, సభ్యత్వం ఉన్నదా లేదా, వలస పోయే నెలలు అనే తొమ్మిది గళ్ళు చాలును. జనగణన అంకెతో దీనిని సరిపోల్చుకొని, పెద్ద తేడా వస్తే కారణం వెదకాలి.

చిన్న ఊళ్ళ అంకెలలో జాగ్రత్త

ఊరు చిన్నదయ్యే కొద్దీ శాతాలు మోసం చేస్తాయి. నలభై మంది ఉన్న గూడెంలో ఒక కుటుంబం వలస పోతే జనాభా పదో వంతు తగ్గినట్లు కనబడుతుంది. బాలుర గురుకుల పాఠశాల ఒకటి వచ్చిన ఊరిలో స్త్రీ పురుష నిష్పత్తి ఒక్కసారిగా తలక్రిందులవుతుంది. ఇందులో వింత ఏమీ లేదు. తలలను చూసి కారణం తెలుసుకోవాలి.

ఇందుకు దూర దేశపు ఉదాహరణ ఒకటి ఉన్నది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో మొనోవై అను గ్రామం కలదు. 2010 లెక్కలలో దాని జనాభా ఒకటి. ఒకే ఒక వృద్ధురాలు అక్కడ నివసించేది. 2020 లెక్కలలో ఆ ఊరి జనాభా రెండు అని ప్రచురించారు. రెండవ మనిషి ఎవరూ రాలేదు. చిన్న ఊళ్ళలో ఎవరి వివరాలు ఎవరివో బయటపడకుండా ఉండేందుకు అక్కడి జనగణన శాఖ అంకెలలో కావాలని స్వల్పమైన మార్పులు చేస్తుంది. పెద్ద ప్రాంతాలకు అది లెక్కలోనికి రాదు. ఒక్కరున్న ఊరిలో మాత్రం జనాభా రెట్టింపయినది.

మన దేశంలో వ్యక్తుల వివరాల గోప్యతకు 1948 జనగణన చట్టమే రక్ష. ఆ చట్టం 15వ సెక్షను ప్రకారం ఎన్యూమరేటరు వ్రాసుకొన్న పత్రాలను చూసే హక్కు ఎవరికీ లేదు. ఆ చట్టం క్రింద నడిచే కేసులలో తప్ప, వాటిని న్యాయస్థానంలో సాక్ష్యంగా పెట్టడానికి కూడా వీలు లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పితే కార్డు పోతుందని, పన్ను పడుతుందని భయపడి మనుషులను తక్కువ చేసి చెప్పడం అనవసరం. అట్లు చెప్పడం వలన ఊరికే నష్టం. స్థానిక సంస్థలకు గ్రాంట్లను రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు 15వ ఆర్థిక సంఘం 2011 జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యం ఇచ్చినది. పంచాయతీలలో షెడ్యూల్డు కులాలు, తెగల వారికి స్థానాలు కూడా జనాభా నిష్పత్తిని బట్టియే నిర్ణయమవుతాయి. ఒకసారి తక్కువ వ్రాయిస్తే, మరుసటి లెక్క వచ్చే వరకు అదే అంకె వెంటాడుతుంది. 2011 అంకె ఎన్నేండ్లు వెంటాడినదో మనకు తెలియనిది కాదు.

2027 లెక్కలకు సంఘాలు చేయదగిన పనులు

ఈ జనగణన రెండు దశలుగా ఏర్పాటైనది. మొదటిది ఇండ్ల జాబితా. దీనికి 2026 ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు గల కాలం నిర్ణయించారు. రెండవది మనుషుల లెక్క; ఇది 2027 ఫిబ్రవరి నెలకు నిర్ణయమైనది. కాగితాలకు బదులు మొబైల్ ఫోనులో వివరాలు నమోదు చేయడం, కోరినవారు తమ వివరాలు తామే నింపుకొనడం, కులం వివరాలు అడగడం ఈసారి ఏర్పాట్లలో కొత్తవి.

పాల సంఘాలు ఈ విషయంలో చేయదగిన పనులు క్రింద ఇవ్వడమైనది.

1. సంఘం రికార్డులో గ్రామ జనాభా వ్రాసిన ప్రతి చోట సంవత్సరాన్ని, రెవెన్యూ గ్రామం పేరును, మండలాన్ని కూడా చేర్చాలి.

2. పేటల వారీగా, తండాల వారీగా కుటుంబాల పట్టికను పాలకవర్గం తయారు చేయించి, ఏటా మహాజన సభకు ముందు సరిచూడాలి.

3. ప్రతి పొయ్యినీ వేరు కుటుంబంగా వ్రాయించుకొనవలెనని, వేరుపడిన అన్నదమ్ములు ఒకే కుటుంబంగా నమోదు కారాదని సభ్యులకు చెప్పాలి.

4. ఫిబ్రవరిలో వలసపోయే కుటుంబాలకు, పని చేసే చోట తప్పక లెక్కలో చేరవలెనని, పిల్లలతో సహా అందరి పేర్లు చెప్పవలెనని ముందుగానే తెలియజేయాలి. ఇంటి దగ్గర ఉండిపోయిన ముసలివారిని మరువకుండా ఊరిలో వ్రాయించాలి.

5. పశువులను చూసుకొనే స్త్రీలు తమ పని అడిగినప్పుడు "పాడి పశువులను పెంచుతాను, సంఘానికి పాలు పోస్తాను" అని స్వయంగా చెప్పాలి. మగవారు జవాబు చెప్పితే ఆ మాటే చెప్పాలి. ఉదయం పాల కేంద్రం దగ్గర వరుసలో నిలబడినప్పుడు ఈ సంగతి ఒకరికొకరు చెప్పుకొంటే చాలు, ఊరంతా తెలుస్తుంది.

6. కొత్త అంకెలు వెలువడిన తరువాత 2011 అంకెలతో పోల్చేటప్పుడు హద్దులు మారినవా, పంచాయతీ విడిపోయినదా, ఊరు పట్టణాల జాబితాలోకి పోయినదా అని ముందు చూసి, ఆ తరువాతే పెరిగినదో తగ్గినదో చెప్పాలి.

పాలు పోసేటప్పుడు కొలత తగ్గినా, వెన్న శాతం తక్కువ పడినా సభ్యులు అక్కడికక్కడే అడుగుతారు. అది వారి హక్కు. ఊరి మనుషుల కొలత విషయంలో కూడా అదే పట్టుదల అవసరం. ఎన్యూమరేటరు ఇంటికి వచ్చిన రోజున మనిషిని విడవకుండా, పనిని దాచకుండా చెప్పే బాధ్యత ప్రతి సభ్య కుటుంబానిది. ఆ రోజు అందుబాటులో లేని ఇండ్ల సంగతి ఎన్యూమరేటరుకు గుర్తు చేసే బాధ్యత పాలకవర్గానిది.